అర మెట్టు కింద మోగిన బ్లూస్

అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అవే అడుగుతున్నారు. జైలు చూశావా? చూడలేదు. గాజు అడుగున్న పడవెక్కి పగడాలు చూశావా? అదీ లేదు. మరి అన్ని రోజులుండి ఏం చూశావయ్యా అంటే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒకేసారి రాసేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నేను పడుకుంటాను.

విశాఖలో నాకు రికార్డు ప్లేయర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. చచ్చిపోయిందనుకున్న వ్యాపారం ఈ మధ్య మళ్ళీ లేచి కూర్చుంది. పాత రికార్డులను విదేశాల్లో కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్నారు. అలా వచ్చినదే ఈ శాక్సఫోన్ బ్లూస్ రికార్డు. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతి వాళ్ళు తమ దిగులును తామే ఓదార్చుకోవడానికి కట్టుకున్న పాట అనుకోండి. మా తరంలో ఆ సంగీతం తెలిసిన నలుగురూ ప్రాణం పెట్టి విన్న రికార్డది. దాన్ని మొదటి టేపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెక్కారు. చేతిలో పెట్టుకుంటే ఇత్తడి పళ్ళెమంత బరువు. వెల నాలుగున్నర వేలు. సరైన వేగంతో, సరైన శ్రుతిలో అని అట్ట మీద గొప్పగా వేసుకున్నారు.

దాని కోసం పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ నుంచి దానియేలు మాస్టారు అనే ఆయన ఉత్తరం రాశారు. పార్సిల్లో పంపితే మొదటిది అప్పడంలా వంగి చేరింది. రెండోది పగిలి చేరింది. మూడో ఉత్తరంలో ఆయన ఇలా రాశారు: "నా ఎడమ చెవి పోయింది. కుడి చెవికి డాక్టరు ఎక్కువ గడువు ఇవ్వడం లేదు. ఈ రికార్డు శ్రుతి గురించి నలభై ఏళ్ల కిందట సూరయ్య అనే తమ్ముడిలాంటి వాడితో గొడవపడి వాణ్ణి మా బ్యాండులోంచి తరిమేశాను. తప్పు వాడిదో నాదో, చెవి పనిచేస్తుండగానే తేల్చుకోవాలి. దయచేసి ఇంకొకటి పంపండి." ఆ ఉత్తరం నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. చివరికి రికార్డూ, ఒక మంచి ప్లేయరూ, ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ కట్టుకుని నేనే బయల్దేరాను. నా వయసుకీ నా మోకాళ్ళకీ తగని పని అని మా ఆవిడ చెప్పింది. నిజమే చెప్పింది.

ఓడలో

ఇంత సామానుతో విమానం కుదరక ఓడెక్కాను. మూడు రాత్రులు. మొదటి రోజు తిన్నది రెండో రోజు సముద్రానికి ఇచ్చేశాను. భోజనం పేరుతో పెట్టేది అన్నం, నీళ్ళ పప్పు, క్యాబేజీ కూర. మూడో రోజు క్యాబేజీ అన్న మాట వింటేనే వికారం పుట్టింది. రికార్డును నిలబెట్టి ఉంచాలి, పడుకోబెడితే వంగుతుంది. అందుకని దాన్ని బెర్తుకీ గోడకీ మధ్య నిలబెట్టి, పక్కన నేను కూడా ఒక అట్టపెట్టెలా ఒదిగి పడుకున్నాను.

ఎదురు బెర్తులో ఒక నడివయసు ఆవిడ, రెండు బస్తాల చింతపండుతో తిరిగి వెళ్తోంది. వాళ్ళ తాత సోంపేట వైపు నుంచి వలతో సహా వచ్చి దిగాడట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ దీవిలోనే. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ ఒక పెళ్ళి శుభలేఖ తీసి నాకిచ్చింది.

"కొంచెం పఢ్‌కే చెప్పండి భయ్యా. మాటాడ్డం ఒస్తాది గానీ ఈ అక్షరాలు నాకు రావు. ముహూర్తం పొద్దుటా, సాయంత్రమా?"

చదివి చెప్పాను. పెళ్ళి ముందు రోజే అయిపోయింది. ఆవిడ శుభలేఖ మడిచి, "పోన్లెండి, చదివింపులు మిగిలినాయి" అని నవ్వి పడుకుంది.

షాదీపూర్

గది పోర్ట్ బ్లెయిర్‌లోనే, షాదీపూర్ పేటలో దొరికింది. రోజుకు తొమ్మిది వందలు, ఫ్యానుకు ఒకటే వేగం. దిగగానే తెలిసిన సంగతేమిటంటే అక్కడ సూర్యుడికి మన గడియారంతో పొత్తు కుదరదు. తెల్లవారుజామున నాలుగున్నరకే కిటికీలోంచి వెలుగొచ్చి మొహం మీద పడుతుంది. సాయంత్రం ఐదు దాటితే చీకటి. మనం టీ తాగే వేళకి వాళ్ళు దోమతెరలు దులుపుతుంటారు. నా ఒంటికి ఇది చివరిదాకా అలవాటు కాలేదు.

పక్క హోటల్లో చేపల భోజనం నూట అరవై. అరచేయంత సుర్మయి ముక్క వేసి, పైన టమాటా ముక్క మాత్రం ఒకే ఒక్కటి పెట్టాడు. ఇంకొకటి అడిగితే వడ్డించేవాడు నన్ను జాలిగా చూశాడు.

"చేప ఇంకోటి తీసుకోండి సార్, ఫ్రీ. టమాటా మాత్రం అడక్కండి. అది మెయిన్‌లాండ్ నుంచి షిప్పులో రావాల."

మన దగ్గర కూరగాయలవాడు కొసరుగా వేసేది అక్కడ బంగారం. మన పెళ్ళిళ్ళలో గొప్పకు వండేది అక్కడ కొసరు. ఆ రెండో చేపముక్క నేను కాదనలేదు, ఆ రాత్రి దాని ఫలితం కూడా అనుభవించాను.

డిగ్నాబాద్

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో సామానేసుకుని డిగ్నాబాద్ వెళ్ళాను. అంతా ఎత్తుపల్లాల వీధులు. ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో బెంగాలీ, ఆ పైన తమిళం. వీధిలోకి వస్తే అందరిదీ హిందీ. ఆటోవాడు మెట్ల కింద దింపేశాడు. స్పీకర్లు మోసుకుని మెట్లెక్కుతుంటే నా చెప్పు ఒకటి తెగి కాలవలో పడింది. అలా ఒంటి చెప్పుతో మాస్టారి ఇంట్లో అడుగుపెట్టాను.

దానియేలు మాస్టారికి డెబ్బై ఆరేళ్ళు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. ఒకప్పుడు వర్క్‌షాపులో గుమాస్తా. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండుకు మాస్టరు. వాళ్ళ నాన్న కాకినాడ వైపు నుంచి బైబిలూ, ఒక ట్రంకుపెట్టే పట్టుకుని వచ్చారట. ఇంట్లో కోడలు రూతమ్మ ఉంది. కొడుకు ఓడ మీద పనికి వెళ్ళాడు. నేను కూర్చోగానే ఆయన తన కుర్చీని జరిపి, నేను ఆయన కుడి చెవి వైపు ఉండేలా చూసుకున్నారు.

"ఆ రోజుల్లో ఒక షిప్పు ఆఫీసరు వెళ్ళిపోతూ ఆ రికార్డు నాకిచ్చాడండీ. సాయంత్రమైతే ఈ వీధికి కాంట్రాక్టరు జనరేటరుతో కరెంటొచ్చేది. రెండు గంటలే. ఆ రెండు గంటలూ అదే వినేవాణ్ణి. విని విని వేళ్ళలోకి దించుకున్నాను. అబ్బా, ఏం కష్టమైన వరసండీ అది! వేళ్ళు మెలికలు తిరిగిపోతాయి. ఆ రికార్డులో వాయించినాయన ఎంత మొనగాడైతే అలాంటి శ్రుతిలో వాయించి ఉంటాడు!"

"మరి సూరయ్య గారు?"

"వాడు ఒక ఏడాది ఓడలో పనికి వెళ్ళొచ్చాడు. ఆఫీసర్ల గదిలో ఇదే రికార్డు ఉందట. రాగానే ఆ పాటనే అర మెట్టు పైన, అంటే హార్మోనియంలో పక్క మీటంత ఎత్తులో, వాయించడం మొదలుపెట్టాడు. అక్కడ వేళ్ళకి సులువు. 'ఇదే అసలుది అన్నా, నువ్వు వినేది తప్పు' అన్నాడు. పనిదొంగవి, కామ్‌చోర్‌వి అన్నాను వాణ్ణి, అందరి ముందూ. ఓ పెళ్ళిలో ఊరేగింపు మధ్యలో మా ఇద్దరి స్వరాలూ కొట్టుకున్నాయి. పెళ్ళివాళ్ళు నవ్వారు. వాణ్ణి అక్కడే రోడ్డు మీద వదిలేసి బ్యాండుని ముందుకు నడిపించాను."

రికార్డు పెట్టాను. నా ప్లేయరు వీధి కరెంటు ఎలా ఉన్నా తన వేగం తప్పదు. అయినా నాకు నమ్మకం చాలదు. నల్ల గీతలున్న గుండ్రటి అట్టను తిరిగే పళ్ళెం మీద పెట్టి, లెక్క తప్పకుండా మినుకుమినుకుమనే బ్యాటరీ దీపం వెలుగులో చూశాను. గీతలు కదలకుండా నిలబడితే వేగం సరి. నిలబడ్డాయి.

ఆ తర్వాత వినిపించినదాన్ని నేను సరిగా చెప్పలేను. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నేనే చేతిలోని అట్ట కింద పెట్టడం మరిచిపోయాను. ఊదే ముందు ఆ వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినబడింది. వేళ్ళ కింద మీటలు టకటకమనడం వినబడింది. పని దిగి ఇంటికి వచ్చిన మనిషి గుమ్మంలోనే కూలబడి, ఎవరితోనో కాకుండా తనతో తానే మాట్లాడుకుంటున్నట్టుంది ఆ పాట. ఓడలో పడ్డ అలసటంతా అప్పుడు ఒక్కసారిగా మీదికొచ్చింది, అయినా హాయిగా ఉంది.

మాస్టారు చెయ్యెత్తారు. "ఆపండి. గలత్. స్పీడెక్కువైంది."

గీతలు చూపించాను. ఆయన అటు చూడనైనా చూడలేదు. తన శాక్సఫోన్ తీసి రికార్డుతో పాటు వాయించారు. పాట ఒక మెట్టు మీద, ఆయన దానికి అర మెట్టు కింద. పంటి కింద రాయి పడ్డట్టయింది. ఆయన వేళ్ళు మాత్రం ఎంత అందంగా కదిలాయంటే, అంత కష్టమైన దారిలో అంత తేలిగ్గా నడిచిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

అప్పుడు నాకర్థమైంది. జనరేటరు నెమ్మదిగా తిరిగితే ఆ కాలం ప్లేయరూ నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే పాట కిందికి దిగుతుంది. ఈయన మొనగాడి కష్టమనుకుని జీవితమంతా సాధన చేసింది ఒక కాంట్రాక్టరు జనరేటరు నీరసాన్ని.

ఆయన మాత్రలు వేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. రూతమ్మ టీ ఇస్తూ నెమ్మదిగా అంది.

"అంకుల్, ఆ పెట్టెకి స్పీడు తగ్గించే స్క్రూ ఏదో ఉంటాది కదా. థోడా తగ్గించేయండి. చెవి పోయే ముందు ఆయన ఖుష్‌గా ఉంటారు. బస్, ఇంకేం ఒద్దు."

ఉంది. పళ్ళెం కింద చిన్న స్క్రూ ఉంది. నలభై ఏళ్లలో ఏ ప్లేయరునూ తప్పు వేగంతో వదల్లేదని గొప్ప చెప్పుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నా నడుం పట్టేసింది, కాలికి చెప్పు లేదు, కడుపులో చేప కుదురుకోలేదు. ఆయన మొహం చూడలేకపోయాను కూడా. స్క్రూ తిప్పాను.

మాస్టారు వచ్చి కూర్చున్నారు. ముల్లు పెట్టగానే ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుని పట్టుకుంది.

"ఇదీ. ఇదే. మీకు పుణ్యముంటుంది బాబూ." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. పాట అయ్యాక అన్నారు. "సూరి వండూర్లో ఉంటాడు. రేపు మీరెలాగూ సముద్రం చూడ్డానికి అటు వెళ్తారుగా. వాడితో చెప్పండి. రికార్డు కొత్తగా వచ్చింది, నాదే కరెక్టని తేలింది, అయినా మాఫ్ చేశాను, వచ్చి కనబడమన్నానని చెప్పండి."

తలూపాను.

వండూర్

బస్సులో గంటకు పైనే. వండూర్లో తీరం పక్కనే మొసళ్ళున్నాయి జాగ్రత్త అని బోర్డు ఉంది. మన బీచిలో పల్లీలవాళ్ళ గురించి జాగ్రత్త పడతాం, వాళ్ళు మొసళ్ళ గురించి. దాని కిందే ఇద్దరు ఆడవాళ్ళు నింపాదిగా చేపలు ఆరబెడుతున్నారు. సూరయ్య ఇల్లు అడిగితే చేత్తో చూపించారు.

సూరయ్యకు డెబ్బై దాటాయి. నల్లగా గట్టిగా ఉన్నాడు. అరుగు మీద వల కంతలు అల్లుకుంటున్నాడు. దానియేలు మాస్టారి దగ్గర్నుంచి వచ్చానని చెప్పగానే చేతులాగిపోయాయి.

"అన్నకేటైంది? బాగున్నాడా?"

బాగున్నారన్నాను. కొబ్బరిబొండం కొట్టిచ్చాడు. డబ్బు తీయబోతే కసిరాడు. మోసుకొచ్చిన మాట మొత్తం అప్పజెప్పాను: రికార్డొచ్చింది, మాస్టారిదే కరెక్టని తేలింది, మాఫ్ చేశారు, రమ్మన్నారు. చెబుతూ సూరయ్య మొహం వైపు చూడలేదు.

సూరయ్య వలలో ఇంకో ముడి వేసి బిగించాడు. తర్వాత అన్నాడు.

"సరే. నాదే గలత్ అని సెప్పీ బాబూ. రేపొస్తానని సెప్పు."

నేను తట్టుకోలేకపోయాను. అంత తేలిగ్గా ఒప్పుకోకపోతే బహుశా నోరు మూసుకునే ఉండేవాణ్ణి. స్క్రూ సంగతీ, గీతల సంగతీ, జనరేటరు గురించి నేను ఊహించిందీ అన్నీ కక్కేశాను. తప్పు మీది కాదు, నేను అబద్ధం మోసుకొచ్చాను, క్షమించండి అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు బాబూ. ఆ జనరేటరు నడిపినోడు మా అయ్యే." వల పక్కన పెట్టాడు. "కాంట్రాక్టరు రోజుకింత అని డీజిలిచ్చీవోడు. అయ్య దాన్ని మెల్లగా నడిపి, మిగిలిన డీజిలు మా పడవలో పోసీవోడు. ఐదుగురు పిల్లలం. ఆ పడవే మాకు కూడెట్టింది. ఈదిలో దీపాలు గుడ్డిగా ఎలిగీవి. ఏటిరా ఈ కరెంటు అని అందరూ తిట్టుకునీవోరు, ఆ తిట్టుకునీవోల్లతో అయ్య కూడా కలిసి తిట్టీవోడు. ఓడ మీంచొచ్చి అన్నతో వాదన పెట్టుకున్నాక నాకెలిగింది. పాట ఎందుకు దిగిందో సెప్తే, డీజిలు ఎటెల్లిందో కూడా సెప్పాల గదా. మా అయ్యని దొంగని ఎలా సెప్పీది?"

"ఆయన ఇప్పుడు..."

"పోయి ఇరవై ఏళ్లయింది."

"మరి ఆ తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"పోయినోడు తిరిగొచ్చి జవాబు సెప్పుకోలేడు గదా. మరీ గలీజుగా ఉంటాది." లేచి నిలబడ్డాడు. "నువ్వూ సెప్పకు. అన్న ముసిలోడు. నాదే తప్పని ఒప్పీసుకుంటాను. నాకేటి పోతాది?"

తిరుగు బస్సులో నాకు సీటు దొరికింది గానీ కూర్చున్నట్టు లేదు. వాళ్ళిద్దరి మధ్య నలభై ఏళ్లు పోయాయి. ఇప్పుడు కలవబోయేది కూడా నేను తప్పుగా తిప్పిన స్క్రూ మీదే.

మళ్ళీ డిగ్నాబాద్

మర్నాడు మూడింటికి సూరయ్య వచ్చాడు. ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా, చేతిలో బూజు తుడిచిన శాక్సఫోన్ పెట్టె. మాస్టారు గుమ్మంలోకి వెళ్ళలేదు, కుర్చీలోనే బిగుసుకుని కూర్చున్నారు. రూతమ్మ చేపల వేపుడూ టీ తెచ్చి పెట్టింది. మన దగ్గర ఆ రెంటినీ కలిపి పెడితే నవ్వుతారు, అక్కడ మర్యాద.

"తప్పు నాదేనన్నా," అన్నాడు సూరయ్య. మాస్టారి ఎడమ వైపు నిలబడి అన్నాడు కాబట్టి ఆయనకి సరిగ్గా వినబడినట్టు లేదు.

"వాయించు," అన్నారు మాస్టారు.

నేను ముల్లు పెట్టాను. తగ్గించిన వేగంతోనే పాట మొదలైంది. సూరయ్య పెట్టె తెరిచి, ఊదే చోట ఉండే రీడును నాలుకతో తడుపుకుని అందుకున్నాడు. మాస్టారి దారిలోనే, అర మెట్టు కింద, వేళ్ళు మెలికలు తిరిగే ఆ వరసలోనే. నేను ఎక్కడో ఒకచోట తడబడతాడని చూస్తున్నాను. తడబడలేదు. మాస్టారు ఎక్కడ ఊపిరి తీస్తారో అక్కడే తీశాడు. నలభై ఏళ్లుగా రోజూ ఆయన పక్కన కూర్చుని వాయిస్తున్నవాడు తప్ప అలా వాయించలేడు.

సగం పాట దగ్గర మాస్టారు చెయ్యెత్తారు. నేను ముల్లు తీశాను.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావురా?"

"నేర్చుకునీదేటుంది అన్నా. ఉప్పుటేరు క్రీకు దగ్గర కూకుని వాయించుకునీవోణ్ణి. నీది ఇడిసిపెడితే నాకు మిగిలేదేటి?"

మాస్టారు నా వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట మాత్రం ఉంది.

"ఇది ఇంత బాగా వచ్చినవాడు బద్ధకంతో సులువు దారి పట్టడు బాబూ. మొన్న నేను మాత్రలకి లోపలికెళ్ళినప్పుడు ఆ పెట్టెకి మీరేదో చేశారు. దాన్ని ముందెలా ఉందో అలా పెట్టండి."

నాకు సిగ్గుతో చెవులు మండాయి. స్క్రూ తిప్పాను. అట్ట పెట్టి గీతలు నిలబడేదాకా చూశాను. పాట మళ్ళీ మొదలైంది, తన అసలు మెట్టు మీద. మాస్టారు కుడి చెవిని స్పీకరుకు ఆనించి, కదలకుండా, రికార్డు ఒక వైపు మొత్తం విన్నారు. ముల్లు చివరికి వెళ్ళి ఖాళీ గాడిలో తిరుగుతున్నా తీయమనలేదు.

"బాగుంది," అన్నారు. "సులువుగా ఉంది. ఆయనకి అసలు కష్టమే లేదు." సూరయ్య వైపు తిరిగి, "నలభై ఏళ్లు. అందరి ముందూ కామ్‌చోర్ అన్నాను నిన్ను. తప్పు నాదేరా సూరీ."

'ఛ ఛ, అదేం లేదన్నా' అంటాడనుకున్నాను. ముందు రోజు ఆ అరుగు మీద అన్న మాట ప్రకారం అలాగే అనాలి. సూరయ్య శాక్సఫోన్ ఒళ్ళో పెట్టుకుని మాస్టారికి ఎడమ వైపునే కూర్చున్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు.

"సగమే నీది అన్నా. మిగిలిన సగం మా అయ్యది. జనరేటరు డీజిలు ఆడే తీసీవోడు."

మాస్టారు అరచెయ్యి కుడి చెవి వెనక పెట్టుకున్నారు. "ఏంటి? వినబళ్ళేదు, ఇటొచ్చి చెప్పు."

రూతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురింటివాళ్ళు పాట వినడానికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సూరయ్య వాళ్ళందర్నీ ఒకసారి చూశాడు. లేచి, కుర్చీ చుట్టూ తిరిగి మాస్టారి కుడి వైపుకు వచ్చి కూర్చుని, వీధిలోకి వినబడేంత గట్టిగా ఆ మాట మళ్ళీ చెప్పాడు.